గురమ్మ దంచుకున్న కాయం

తన కాయం తానే దంచుకునే కడుపుతో ఉన్న మనిషిని ఆ ఊరు అంతకుముందు చూడలేదు.

కాయం దంచేది తల్లి. కూతురు కాన్పుకు వస్తుందంటే ఆ తల్లి శొంఠి, పిప్పళ్లు, వాము వేయించి, దంచి, జల్లించి, బెల్లమూ నెయ్యీ కలిపి జాడీకెత్తుతుంది. బాలింత నడుము నిలబడేది ఆ ముద్దతోనే. గురమ్మకు తల్లి లేదు. అందుకే తానే రోలు ముందు కూర్చుంది. అదీ ఏ వయసులో? డిగ్రీ చదివిన కూతుర్ని పెట్టుకుని!

ఊరికి ఇంతకన్నా ఏం కావాలి? కడుపుబ్బా నవ్వింది.

"కూతురికి పురుడు పోయాల్సిన వయసులో నువ్వే పోసుకుంటాండావే గురమ్మా!" అంది పక్కింటి సిద్దమ్మ, చేటలో వాము చెరుగుతూ. "నేనైతే బాయిలో దూకుదును."

గురమ్మ తలెత్తలేదు. "ఏం చేసేది సిద్దక్కా! తెలిసేతలికి నెలలు దాటిపాయ."

"మరి రాయచోటి సంబంధం?"

రోకలి ఆగింది.

అసలు దిగులంతా అదే. కూతురు సాహితికి రాయచోటిలో సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకోవడమే తరువాయి. మంచి ఇల్లు, పద్ధతైన మనుషులు. ఆ పద్ధతే కొంప ముంచింది. పిల్ల తల్లి నీళ్లోసుకుందని విని వాళ్లు ముఖం చిట్లించారు. కాన్పు కానివ్వండి, తర్వాత చూద్దాం అన్నారు. అలా అన్నవాళ్లు వస్తారని గురమ్మకు పెద్దగా నమ్మకం లేదు. ఈ సంబంధం తప్పితే పిల్ల బతుకు ఏమవుతుందో తలుచుకోవడానికే భయపడేది.

గురమ్మ మొగుడు శ్రీనివాసులు మనుషుల్లో తిరగడమే మానేశాడు.

గురమ్మ మాత్రం మొండిగా అన్నీ సిద్ధం చేసింది. పాత నూలు చీరలు చించి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి మడతలు పెట్టింది. నడుముకు కట్టే బట్ట, చెవులకు చుట్టే గుడ్డ, సాంబ్రాణి, నువ్వుల నూనె, పాత బియ్యం, గంపెడు వెల్లుల్లి. ఒక్కో మూట కడుతుంటే ఆ ముఖంలో బిడ్డ పుట్టబోతున్న కళ ఏ కోశానా లేదు.

వయసు మీరిన కాన్పు, పెద్దాసుపత్రి కావాలి అని చెప్పి, మూటలన్నీ వేసుకుని బెంగుళూరులో ఉన్న ఆడబిడ్డ ఇంటికి పోయింది. సాహితి కంప్యూటరు కోర్సని అప్పటికే కొన్ని నెలలుగా అక్కడ ఉంటోంది.

కాన్పైన కబురు వచ్చిన కొద్దిరోజులకే కారు వాకిట్లో ఆగింది. గురమ్మ చేతుల్లో మగబిడ్డ. వెనకాల సాహితి. కారు కుదుపులకు కాబోలు, ముఖం పాలిపోయి ఉంది. గోడ పట్టుకుని లోపలికి నడిచి మంచమెక్కింది.

సిద్దమ్మ నూనెగిన్నెతో ఊడిపడింది.

"రా గురమ్మా, నడుముకు నూనె పట్టిచ్చి వేన్నీళ్లు పోస్తా."

"వద్దులే అక్కా. పొట్ట కోసినారు. తాకొద్దనె డాక్టరు."

"కోయిచ్చుకున్నోళ్లు ఇట్ల తిరుగుతారా? చెవులకు గుడ్డ లేదు. గాలి సోకితే మంచాన పడ్తావు. మల్ల ఎవురు చూస్తారే నిన్ను?"

"నాది మొద్దు ఒళ్లులే."

ఇంతలో బిడ్డ గుక్కపట్టాడు. గురమ్మ పాలసీసా తీసింది.

"అయ్యో, డబ్బా పాలా! ఈ వయసుకు పాలు యాడ పడ్తాయిలే," సిద్దమ్మ తనే ప్రశ్న వేసి తనే జవాబు చెప్పుకుంది. మంచం వైపు తిరిగింది. "సాహితీ, తమ్ముణ్ని ఎత్తుకో పోమ్మా. మీ అమ్మకు శాతకాదు."

సాహితి గోడ వైపు తిరిగి పడుకుంది.

"సూడు పొగరు! సంబంధం సెడగొట్టినావని నీమీద కోపం దీనికి."

"దాన్నేం అనొద్దు!" గురమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. మళ్లీ తగ్గింది. "ప్రయాణం పడలా దానికి."

అప్పుడే శ్రీనివాసులు వచ్చాడు. చేతిలో తామరాకు పొట్లం.

"రాయచోటోళ్లు శుక్రవారం వస్తారంట," అని పొట్లం పెళ్లాం చేతికిచ్చాడు. గదంతా మల్లెపూల వాసన.

సిద్దమ్మ నోరు నొక్కుకుంది. "ఏమప్పా శ్రీనివాసులూ! బాలింతరాలికి మల్లెపూలా? ఊరు నవ్వింది సాల్లేదా నీకు?"

శ్రీనివాసులు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయాడు.

"నాకు కాదులే అక్కా," అంది గురమ్మ. "సాహితికి."

"అట్ల చెప్పు! తాంబూలాలకు ముస్తాబా? శుక్రవారానికి వాడిపోవా పిచ్చిదానా!"

"దినామూ తెమ్మన్యాలే."

సిద్దమ్మ నవ్వుకుంటూ వెళ్లింది. ఈ మాట ఇంకో నాలుగిళ్లలో చెప్పందే ఆమెకు పొద్దుపోదు.

గురమ్మ తలుపు గడియపెట్టింది. కిటికీ రెక్కలు మూసింది. మంచం మీద కూర్చుని కూతుర్ని లేవదీసింది.

"శుక్రవారం నాటికి అన్నీ సర్దుకోవాల తల్లీ."

"అమ్మా, వాడు ఏడుస్తాండాడు." ఇంటికి వచ్చాక సాహితి నోరు తెరవడం అదే మొదలు.

"ఏడవనీ," అంది గురమ్మ. ఆ మాట అనేసరికి ఆమెకూ ఏడుపు ఆగలేదు.

కళ్లు తుడుచుకుని, పొట్లం విప్పి, పాలు ఇంకిపోవాలని ఆ మల్లెపూలను కూతురి రొమ్ముల మీద పరిచి గుడ్డతో బిగించి కట్టింది.