తెలుగులో నింపిన ఫారం

"రూము కావాలప్పా. ఒక్క దినానికి చాలు."

జగన్నాథ్ తలెత్తి ఎగాదిగా చూశాడు. నలిగిన చొక్కా, రబ్బరు చెప్పులు, చేతిలో గుడ్డసంచి. మనిషికి అరవై ఏళ్ళుంటాయి.

ఎనభైల్లో హోసూరుకు ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటితో పాటు జగన్నాథ్‌కు పొగరు కూడా వచ్చింది. బస్టాండు ఎదుట ఉన్న లాడ్జికి అతనే ఓనరు. లాడ్జి అంటే ఆరు గదులు, వాటి నిండా నల్లులు. అయినా ఆ కుర్చీలో కూర్చుంటే తాను కలెక్టరునే అనుకునేవాడు.

"యా ఊరు?"

"మలేసియా."

జగన్నాథ్ ఫక్కున నవ్వాడు.

"చూస్తే తళి సంతలో కొత్తిమీర కట్టలు అమ్మేవాని మాదిరి ఉండావు. మలేసియానా?"

పెద్దాయన పాస్‌పోర్టు తీసి బల్లమీద పెట్టాడు.

నవ్వు పోయి చిరాకు వచ్చింది జగన్నాథ్‌కు. పరదేశం మనిషి దిగితే సి ఫారం నింపి, ఇరవై నాలుగు గంటల్లో పోలీసు స్టేషనులో ఇవ్వాలి. పోయిన నెల ఫ్యాక్టరీ పనిమీద జర్మనీ దొర దిగినప్పుడు ఆ ఫారం తానే నింపాడు. దొరకు కాఫీ తెప్పించాడు. స్కూటరు మీద స్టేషనుకు వెళ్ళి మరీ ఇచ్చి వచ్చాడు. అప్పుడు ఆ రూలు గొప్పగా అనిపించింది. ఇప్పుడు తలనొప్పి అనిపించింది.

పాస్‌పోర్టును కొనవేళ్ళతో తిప్పి, వీసా ముద్ర ఉన్న పేజీ ఒక్కటే చూశాడు.

"ఎల్లుండితో గడువు తీరిపోతుందే! గడువు దాటి ఉంటే నిన్నూ లోపలేస్తారు, నన్నూ ఏస్తారు."

"ఉండనప్పా. ఎల్లుండి మద్రాసులో విమానం. పదిహేను దినాలే ఇచ్చినారు. తిరిగేదానికే అంతా అయిపాయె."

జగన్నాథ్ ఒక ఫారం విసిరాడు.

"నువ్వే నింపు. పేరు, పుట్టిన ఊరు, వచ్చిన పని. ఈ గడుల్లో."

పెద్దాయన బల్లమీదికి వంగి నిదానంగా నింపాడు. అది చూసి జగన్నాథ్ మొహం చిట్లించాడు. అంతా తెలుగు!

జగన్నాథ్ చదువుకున్నది తమిళంలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని, తెలుగు అక్షరాలు అతని కంటికి జిలేబీ చుట్టలే.

"ఇదేం రాతయ్యా? స్టేషన్లో దీన్ని ఎవుడు చదవల్ల? మలేసియాలో ఉండి ఇంగ్లీషు రాదా నీకు?"

"రబ్బరు తోటలో కూలోనికి ఇంగ్లీషు ఎవురు నేర్పుతారప్పా? ఈడినుంచి తీసకపోయిన తెలుగే మిగిలింది."

జగన్నాథ్ ఫారాన్ని పక్కకు తోసేశాడు.

"రూము లేదు, పో."

"పోతాలే. ఒక్క మాట చెప్పప్పా. ఇది శెట్ల లాడ్జి అని బస్టాండులో అన్నారు. ఈ ఊరి శెట్ల ఇంటికి ఒకామెను ఇచ్చినారు. అమ్మణి అని. తెలుసునా? మాది..."

"మీది యా ఊరైతే నాకేం?" జగన్నాథ్ మాట మధ్యలోనే తుంచేశాడు. "ఈడ శెట్ల ఇండ్లల్లో అమ్మణి అని ఒకామే ఉండె. ఆమె పోయి పదేండ్లాయె."

ఆ పోయినామె తన సొంత అవ్వ అని మాత్రం చెప్పలేదు. ఇలాంటి దేశదిమ్మరి చుట్టరికం కలుపుకుని ఇంటిదాకా వస్తే ఇంకేమైనా ఉందా?

పెద్దాయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"పోయేటప్పుడు... శానా అవస్థ పడిందా అప్పా?"

"పోయే కాలం వచ్చింది, పోయింది. దానికి నువ్వేల ఇంత ఇదైపోతావు?"

పాస్‌పోర్టు సంచిలో పెట్టుకోబోతే కిందపడింది. జగన్నాథ్ కుర్చీలోంచి కదల్లేదు.

"ఇంక రూము అక్కరలేదప్పా" అన్నాడు పెద్దాయన, ఎవరూ ఇవ్వని రూము గురించి. నేరుగా వెళ్ళి క్రిష్ణగిరి బస్సెక్కాడు.

"మలేసియా అంట, మొహమంట!" అని జగన్నాథ్ ఆ ఫారాన్ని కాఫీ గ్లాసు కింద వేసుకున్నాడు.

నాలుగో రోజు అతని తల్లి వాసవాంబ బల్ల తుడుస్తూ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. కాఫీ మరకల నడుమ తెలుగు కనిపించింది. ఆమె చిన్నప్పుడు తెలుగు బడిలో చదువుకున్న మనిషి.

"ఇది ఎవురిదిరా?"

"ఎవుడో మలేసియావాడు. అవ్వను ఎతుక్కుంటా వచ్చినాడు. పోయి పదేండ్లాయె అని చెప్పి పంపించేస్తిని."

వాసవాంబ పైకి చదివింది.

"పేరు, శ్రీరంగయ్య. పుట్టిన ఊరు, ఊత్తంగరై. వచ్చిన పని..."

మిగతాది మనసులోనే చదువుకుంది.

"ఊత్తంగరైనా?" జగన్నాథ్ నవ్వాడు. "అవ్వది బాగలూరు గదా! పిచ్చోడు, ఇంకెవురి కోసమో వచ్చినట్టుండాడు."

"మీ అవ్వది బాగలూరేరా. ఊత్తంగరై నాది."

జగన్నాథ్‌కు ఇంకా అర్థం కాలేదు.

"అత్తాకోడండ్లకు ఒకే పేరుంటే ఎట్ల పిలిచేదని, నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన దినమే నా పేరు తీసేసి వాసవాంబ అని పెట్టినారు. అంతకుముందు నేనూ అమ్మణినే. ఆయప్ప యాడుండాడు ఇప్పుడు?"

"వీసా నిన్నటితో అయిపాయెమ్మా." జగన్నాథ్ కుర్చీలోంచి లేచాడు. "విమానం ఎక్కేసుంటాడు. ఎవురాయన?"

వాసవాంబ బల్ల పక్కనే నేలమీద కూర్చుంది.

"ఇంట్లో చెప్పకుండా ఓడెక్కినాడని మా నాయన ఆ పేరే ఎత్తనీలేదు. నలభై ఏండ్లకు నన్ను చూసేదానికని వచ్చి, నేను చచ్చిపోయినానని ఏడ్చుకుంటా పోయింది నా తోడబుట్టిన అన్నరా."