కొట్టేసిన మాట

"'ప్రోగ్రాం పనిచేస్తుంది, ఇన్షా అల్లా' అని రాశావేంటమ్మాయ్? నువ్వు ఇంజనీరువా, ఇమామువా?"

బాగ్దాద్‌లో ఎమ్మెస్ సాఫ్ట్‌వేర్ క్లాసు. రిహాబ్ అనే అమ్మాయి రాసిన ప్రాజెక్టు రిపోర్టులో 'ఇన్షా అల్లా', అంటే 'దేవుడు తలిస్తే', అన్న మాటను ప్రొఫెసర్ ముంథిర్ ఎర్రసిరాతో కొట్టేశాడు. అందరూ నవ్వారు.

"డెమో ఎప్పుడు?"

"ఆదివారం, ఇన్షా..." రిహాబ్ నాలిక్కరుచుకుంది. "ఈ గొడవల్లో వంతెన దాటి రావాలి కదా ఉస్తాద్. అది మీ మాట వింటుందా?"

"సాకులొద్దు. వస్తానని చెప్పు, చాలు."

"వస్తాను."

ఆదివారం వంతెన మీద బాంబు పేలింది. రిహాబ్ రాలేదు.

పరామర్శకు వెళ్లిన ముంథిర్ చేతికి చావింట ఇచ్చే చేదు కాఫీ ఇస్తూ ఆమె తండ్రి అన్నాడు:

"గొడవలుగా ఉంది, వెళ్లొద్దన్నాను ఉస్తాద్. వింటేనా! 'ఈసారి ఇన్షా అల్లా అనలేదు నాన్నా, వెళ్లి తీరాలి' అంది."