శివాని గజ్జెలు

టక్కుమంది. మహాదేవమ్మ వెనక్కి తిరిగేలోపల గది తలుపు మూసుకుపోయింది. బయట గడియ పడింది.

“ఏమే శివానీ! ఏం చేస్తాండావు ఆడ?”

బయట కిలకిలమని నవ్వు.

“అవ్వను జైల్లో ఏసినా!”

వాకిట్లో తిరుగుతున్న మేకపిల్లకు శనగపొట్టు తీసుకుందామని శనక్కాయల మూటలున్న ఆ గదిలోకి వచ్చింది మహాదేవమ్మ. కిటికీ లేని గది. నెత్తిమీద రేకులు కాలుతున్నాయి. మనవరాలికి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. తలుపు కింది గడియ దాని చేతికి సరిగ్గా అందుతుంది.

“మా బంగారు కదా, గడియ తీయమ్మా.”

ఇనుము కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది.

“రాలేదవ్వా. శానా గట్టిగుండాది.”

నిజమే. ఆ గడియ వేయడం తేలిక. తీయాలంటే పెద్దవాళ్ళు రెండు చేతులతో లాగాలి.

అప్పుడు గుర్తొచ్చింది గేటు. కుళాయి దగ్గర నుంచి నీళ్ళ బిందె ఎత్తుకొచ్చి, చేతులు ఖాళీ లేక గేటు వేయలేదు. గేటు దాటితే మంత్రాలయం రోడ్డు. యాత్రికుల బస్సులు, బండల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. కోడలు నాగలత అంగన్వాడీ నుంచి రావడానికి ఇంకా రెండు గంటలుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఆమె దగ్గరే ఉంది.

మహాదేవమ్మ తలుపుకు దగ్గరగా జరిగింది.

“శివానీ, అమ్మొచ్చేదాకా తలుపు కాడ్నే కూచో. యాడికీ పోవద్దు.”

“ఊ.”

ఊ అన్నదే కానీ, ఘల్లు ఘల్లుమంటూ గజ్జెలు దూరంగా పోయాయి.

“పిల్ల కాళ్ళకు గజ్జెలుంటే, నేను పొయ్యి కాడున్నా అది యాడ తిరుగుతాందో తెలుస్తాది” అని కోడలితో వాదించి మహాదేవమ్మే చేయించింది వాటిని. శివానికి మాత్రం అవి కాళ్ళ మీద నిలవవు. కొక్కేలు తీసి, రెండూ కలిపి బొమ్మ మెడలో తగిలిస్తుంది. పొద్దున కూడా రెండు తిట్లు తిట్టి మళ్ళీ కాళ్ళకు పెట్టింది. ఇప్పుడు ఆ చప్పుడే మహాదేవమ్మకు కళ్ళు.

“పిల్లలతో అరవకూడదత్తా, మెల్లగ చెప్తే ఇంటారు” అని కోడలు రోజూ చెప్పే మాట మనసులో మెదిలింది. గొంతు తగ్గించింది.

“శివానీ, రామ్మా. కత చెప్తా.”

“ఏం కత?”

“కోతి కత.”

“అది నిన్ననే చెప్పినావు.”

“అట్లయితే మురుకులిస్తా, రా.”

గజ్జెలు తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చాయి.

“యాడుండాయి?”

“ఈడ్నే, నా కాడ.”

“తలుపు కింద నుంచి ఇయ్యి.”

మహాదేవమ్మ చేతిలో శనగపొట్టు తప్ప ఏమీ లేదు.

“అవ్వవన్నీ అబద్దాలే! నేను బస్సులు చూసొస్తా, పో!”

ఘల్లు ఘల్లు ఘల్లు. ఈసారి గేటు వైపు.

ఇక కోడలి మాటలతో పని జరగదనుకుంది. తన బిడ్డలు ముగ్గురినీ ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చోబెట్టిన మందు బయటికి తీసింది.

“శివానీ! గేటు కాడ బూచోడుండాడు!”

గజ్జెలు ఆగిపోయాయి.

“పెద్ద మీసాలోడు! నీ గజ్జెల సప్పుడు ఇని నువ్వు యాడుండావో కనుక్కుంటాడు. అడుగు కదిపినా, నోరు తెరిచినా ఎత్తుకొని పోతాడు. పరిగెత్తుకొని వచ్చి తలుపు కాడ నక్కి కూచో!”

గజ్జెలు పడుతూ లేస్తూ తలుపు దగ్గరికి వచ్చాయి. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

మహాదేవమ్మ మూట మీద కూలబడి ఊపిరి పీల్చుకుంది.

“మంచి పిల్ల. అట్లే గమ్మునుండు.”

కొంచెంసేపటికి ఘల్లున ఒక చిన్న చప్పుడు.

“కదలద్దంటి కదా!”

మళ్ళీ ఘల్లు. మెల్లగా నీళ్ళ తొట్టి వైపు. నీళ్ళు కదిలిన చప్పుడు.

“ఏయ్! తొట్టి కాడికి పోవద్దే! పడిపోతావే!”

గజ్జెలు తొట్టి వదిలి పరుగందుకున్నాయి. గేటు వైపు.

“శివానీ! వద్దే! వెనక్కి రావే!”

పరుగు ఆగలేదు.

“బూచోడు లేడే! ఉత్తదే! అబద్దం చెప్పినానే తల్లీ!”

గేటు కిర్రుమంది. గజ్జెలు రోడ్డెక్కాయి. హారను పెద్దగా మోగింది. బ్రేకు వేసిన చప్పుడు. ఆ మీదట ఏమీ వినపడలేదు.

మహాదేవమ్మ రెండు చేతులతో తలుపును బాదింది. భుజంతో గుద్దింది. “తలుపు తియ్యండయ్యో!” అని కేకలు పెట్టింది. ఎవరో గేటు తోసుకుని లోపలికి వస్తున్నారు. బరువైన అడుగులు. ఆ అడుగులతో పాటు గజ్జెలు కూడా వస్తున్నాయి. నడవడం లేదు. ఎవరి చేతుల్లోనో ఊగుతున్నాయి.

గడియ ఊడింది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో లారీ డ్రైవరు. పెద్ద మీసాలు. ముఖమంతా దుమ్ము, చెమట.

“గేటు ఏయకుండ ఇడిసిపెడితే ఇట్లే అయితాదమ్మా. నా తప్పేం లేదు. టైరు ముందరికే దూకె.”

ఆయన చేతుల్లో గజ్జెలు సన్నగా కదిలాయి. చూడలేక మహాదేవమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

“అవ్వా...”

వణుకుతున్న ఆ గొంతు డ్రైవరు చేతుల్లోంచి రాలేదు. తలుపు పక్కనున్న మంచం కింద నుంచి వచ్చింది.

“గజ్జెలు మేకపిల్ల మెడలో తగిలించినా కదవ్వా, అయినా నేను ఈడుండానని బూచోనికి ఎట్ల తెలిసె?”