మగతనం: మూడో అధ్యాయం

మగతనం ఎక్కడ దొరుకుతుందో డాక్టర్ ఫిలిపా క్రాన్‌లీకి చివరికి తెలిసింది. స్కార్‌బరోలో, సముద్రానికి ఎదురుగా ఉన్న మాజీ సైనికుల ఆశ్రమంలో, అది మోకాళ్ల మీద ఊలు దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

ఆమె బ్రిటిష్ సైన్యంలో మగతనం గురించి పుస్తకం రాస్తోంది. రెండు అధ్యాయాలు పూర్తయ్యాయి. వాటిలో సిద్ధాంతాలు పుష్కలంగా ఉన్నాయి, సైనికుడు మాత్రం ఒక్కడూ లేడు. మూడో అధ్యాయంలోనైనా బతికున్న మగవాళ్లు కనిపించాలని విశ్వవిద్యాలయం వాళ్లు పట్టుబట్టారు.

ఆశ్రమం వాళ్లు టీ, బిస్కెట్లు, ముగ్గురు ముసలివాళ్లను సిద్ధం చేశారు. ముగ్గురిదీ ఒకే రెజిమెంటు. కుర్రతనంలో సూయెజ్ కాలువ పక్కన, ఇసుకలో, ఒకే శిబిరంలో పనిచేశారు.

"జెండర్ విషయంలో మీ అనుభవాలు చెప్పండి," అంది ఫిలిపా, రికార్డర్ నొక్కి.

"ఏ విషయంలో?" సిరిల్ గ్యాస్కిన్ చెవిలో మిషన్ సర్దుకున్నాడు.

"ఆడా మగా సంగతులండీ."

"అలా చెప్పు మరి! ఒరేయ్, డోలొరెస్ గురించి అడుగుతోందిరా ఈ అమ్మాయి!"

డోలొరెస్ శిబిరంలో పాటలు పాడేది. ఎర్ర గౌను, మోచేతుల దాకా తొడుగులు. అలెగ్జాండ్రియా నుంచి వచ్చేదని చెప్పుకునేవారు. పాట అవగానే వెనక గుడారంలోంచి మాయమైపోయేది. ఆ మాయమవడం చూసే శిబిరంలో సగం మంది ప్రేమలో పడ్డారు. మిగతా సగం అప్పటికే పడి ఉన్నారు.

"నా వంక చూసి కన్ను కొట్టింది తెలుసా!" అన్నాడు సిరిల్.

"నీ మొహానికి కన్ను కొట్టడం కూడానా! కంట్లో ఇసుక పడుంటుంది," అన్నాడు హోరస్ పిల్‌బీమ్.

హోరస్ అప్పట్లో మామూలు సిపాయి. తరువాత సార్జెంట్ మేజర్ అయ్యాడు. ఇప్పటికీ ఆయన మీసం నిటారుగా నిలబడి ఉంటుంది. ఆయన కొడుకు అదే రెజిమెంటులో రిటైరయ్యాడు, మనవడు అందులోనే కెప్టెన్. ఫిలిపా ఆయన్ని చూసిన మరుక్షణమే మూడో అధ్యాయానికి నాయకుడిగా ఖాయం చేసుకుంది.

"మీరు కూడా డోలొరెస్‌ను ఆరాధించారా సార్?"

"ఒక్క కచేరీ చూడలేదమ్మా. ఆవిడ పాడే రోజు నాకెప్పుడూ డ్యూటీయే."

"వీడి ఖర్మ!" అన్నాడు సిరిల్, నిజంగానే జాలిపడి.

"మరి అప్పట్లో ఆడ, మగ అనే విభజనను మీరెలా అర్థం చేసుకునేవారు?"

"అర్థం చేసుకునేదేముంది? మా రోజుల్లో మగాడు మగాడిలా, ఆడది ఆడదానిలా ఉండేవాళ్లు. చూడగానే తెలిసిపోయేది," అన్నాడు హోరస్.

ఫిలిపా ఆనందంతో వణికిపోయింది. ఇలాంటి ముక్క కోసం ఆమె సహోద్యోగులు ఏళ్ల తరబడి తిరుగుతున్నారు.

ఆమె మూడో మనిషి విల్ఫ్ టాటర్సాల్ వైపు తిరిగింది. డోలొరెస్ పాటలకు పియానో వాయించింది ఆయనే. పెళ్లి చేసుకోలేదు.

"ఎందుకని?" అడిగింది ఫిలిపా.

"డోలొరెస్ తర్వాత ఇంకెవరూ కంటికి ఆనలేదు తల్లీ."

"ఎప్పుడడిగినా ఇదే పాట!" సిరిల్ పడీ పడీ నవ్వాడు.

"టీ చల్లారిపోతోంది, తాగరా," అని హోరస్ విసుక్కున్నాడు.

ఫిలిపా కళ్లు మెరిశాయి. "నేను డోలొరెస్‌ను వెతికి పట్టుకుంటాను. పేపర్లో వేయిస్తాను, టీవీలో చెబుతాను. ఆవిడ ఫొటో ఎవరో ఒకరి దగ్గర ఉండకపోదు."

విల్ఫ్ కప్పు కింద పెట్టేశాడు.

"ఎందుకమ్మా?" హోరస్ గొంతు పెరిగింది. "బతికుంటే ఎక్కడో పిల్లలతో, మనవలతో పరువుగా బతుకుతూ ఉంటుంది. ఈ వయసులో రచ్చకీడుస్తావా?"

"రచ్చ కాదండీ. మీలాంటి మగవాళ్లు చరిత్రలోంచి చెరిపేసిన స్త్రీ ఆవిడ. ఆవిడకి నేను గొంతు ఇస్తాను."

"గొంతు బాగానే ఉండేదట, అందరూ చెప్పుకునేవారు."

"అయితే వెతకడానికి మీకు అభ్యంతరం దేనికి?"

హోరస్ కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"ఆవిడ లేదమ్మా. మేం ఓడెక్కే ముందే విషజ్వరం వచ్చి పోయింది. ఆ పూట డ్యూటీ నాదే. కుర్రాళ్లు కుంగిపోతారని చెప్పలేదు."

సిరిల్ రుమాలు తీసి బహిరంగంగా ఏడ్చాడు. విల్ఫ్ కిటికీలోంచి సముద్రం వైపు తిరిగాడు.

ఫిలిపాకు కూడా కళ్లు చెమర్చాయి. అయితే పరిశోధకురాలు కాబట్టి త్వరగానే తేరుకుంది. ఒక స్త్రీ మరణాన్ని ఇన్నేళ్లు కడుపులో దాచుకుని, ఇలా టీ తాగుతూ బయటపెట్టిన మనిషి! మగతనం మనిషిని రాయిగా మార్చేస్తుందన్న ఆమె సిద్ధాంతానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? హోరస్ గురించి ఆమె రికార్డర్‌లోకి మెల్లగా చెప్పుకుంది: "జీవితంలో ఆడగాలి సోకని మనిషి."

ముగ్గురికీ కృతజ్ఞతలు చెప్పింది. మిగిలిన బిస్కెట్లు తిని, మూడో అధ్యాయంతో సహా రైలెక్కడానికి వెళ్లిపోయింది.

సిరిల్‌ను నర్సు ఓదార్చుకుంటూ గదికి తీసుకుపోయింది. హాల్లో ఇద్దరే మిగిలారు. హోరస్ కిందికి జారిన దుప్పటి తీసి విల్ఫ్ మోకాళ్ల మీద కప్పాడు.

విల్ఫ్ ఆ చేతిని పట్టుకుని వదల్లేదు.

"నన్నొక్క మాటైనా అడక్కుండా అలా ఎలా చచ్చిపోయావే, డోలొరెస్?"