నెమ్మదిగా తెరుచుకోవాలి

"వేగం తగ్గించాలా?" సరిగ్గా విన్నానో లేదోనని మెకానిక్ మళ్ళీ అడిగాడు.

"అవును నాయనా. మునుపు ఎలా ఉండేదో అలా చేసిపెట్టు," అంది పెద్దావిడ ఆయాసపడుతూ.

వాళ్ళిద్దరి మధ్యా బల్ల మీద సీపీయూ ఉంది. పాత దుప్పట్లో చుట్టి, టాక్సీలో ఒళ్ళో పెట్టుకుని, షాపు మెట్లు ఒక్కొక్కటే ఎక్కి తెచ్చింది.

మెకానిక్ దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. "పోయిన వారం మీ అబ్బాయి తెచ్చింది ఇదే కదమ్మా? డబ్బా ఒక్కటే పాతది. లోపల బోర్డు, ర్యామ్, డిస్కు అన్నీ కొత్తవి వేశాను. ఇప్పుడిది స్విచ్ నొక్కి చెయ్యి తీసేలోగా తెరుచుకోవాలి."

"తెరుచుకుంటోంది. అదే వచ్చిన చిక్కు."

"మధ్యలో ఆగిపోతోందా?"

"లేదు. బంగారంలా పనిచేస్తోంది."

మెకానిక్ స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాడు.

"తీసేసిన పాత సామాన్లు ఉన్నాయా, పారేశావా?" అడిగిందావిడ.

"ఆ అట్టపెట్టెలో ఉన్నాయి."

"అవే మళ్ళీ పెట్టేయ్."

"అసలిది వాడేది ఎవరమ్మా?"

"మా కోడలు. ఇంట్లోంచే పని. పుస్తకాలకి పేజీలు కూర్చిపెడుతుంది. ఇవాళ ఆఫీసుకి రమ్మంటే పొద్దున్నే వెళ్ళింది. తను వచ్చేలోగా దీన్ని తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టేయాలి."

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. "వాడేవాళ్ళకి తెలియకుండా నేను చెయ్యి పెట్టనమ్మా. అసలు సంగతేంటో చెప్పండి."

ఆవిడ స్టూలు మీద కూర్చుని దుప్పటి అంచు సవరించింది. "నవ్వకూడదు మరి."

"నవ్వను."

"పొద్దున్నే లేవగానే స్విచ్ నొక్కేది. ఇదేమో గుర్రుమంటూ మూలుగుతూ ఎంతకీ తెరుచుకునేది కాదు. 'ఈ ముసలిది లేచేసరికి మధ్యాహ్నమయ్యేలా ఉంది' అని విసుక్కునేది. మొదట్లో నన్నే అంటోందేమో అనుకున్నాను."

మెకానిక్ పెదాలు బిగబట్టుకున్నాడు.

"ఇది తెరుచుకునేలోగా వంటింట్లోకి వచ్చి నా ముందు పీట వేసుకుని కూర్చునేది. నేను జుట్టు చిక్కు తీస్తుంటే రాత్రి వచ్చిన కల చెప్పేది. మొగుడి మీద చాడీలు చెప్పేది. నా కొడుకే అయినా నేనూ రెండు కలిపేదాన్ని. ఒక్కోరోజు ఇద్దరం నవ్వీ నవ్వీ టీ చల్లారబెట్టుకునేవాళ్ళం. ఆ తర్వాత గదిలోకి వెళ్ళిందంటే మళ్ళీ సాయంత్రమే. అప్పటికి పాపం మాట్లాడే ఓపిక ఎక్కడుంటుంది?"

"ఇప్పుడో?"

"ఇప్పుడు నిలబడే టీ తాగి వెళ్ళిపోతోంది. అక్కడ పని సిద్ధంగా ఎదురుచూస్తుంటే ఎలా కూర్చుంటుంది?"

"కాసేపు కూర్చోమని అడగొచ్చు కదమ్మా."

"అడిగితే కూర్చుంటుంది. కానీ మనసు ఆ గదిలోనే ఉంటుంది. మా వాడు పెళ్ళాం ఇబ్బంది చూడలేక ముచ్చటపడి మార్పించాడు. వాడికి మాత్రం ఏమని చెప్పను?"

మెకానిక్ సీపీయూకి వైర్లు తగిలించి, తెర తనవైపు తిప్పుకున్నాడు. "ముందు ఎలా తెరుచుకుంటోందో చూద్దాం," అని స్విచ్ నొక్కాడు.

తెర వెలిగింది. వెంటనే నల్లబడింది. ఒక మూల చిన్న తెల్ల గీత మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది.

ఆవిడ లేచి వచ్చి అతని వెనక నిలబడింది. ఎంతసేపు చూసినా గీత అక్కడే ఉంది.

"ఏమైంది?"

"ఆగండమ్మా."

"ఇలా ఎప్పుడూ లేదే. నిన్న పొద్దున కూడా చక్కగా తెరుచుకుంది." ఆవిడ తెర దగ్గరికి వంగింది. "మెట్ల మలుపులో గోడకి కొట్టుకుంది నాయనా. నా చేతులారా పాడుచేశానా? రేపు ఒక పుస్తకం ఇచ్చేయాలి తను. రాత్రీ పగలూ కూర్చుని చేసిందంతా ఇందులోనే ఉంది."

మెకానిక్ తెర వైపే చూస్తున్నాడు.

"వేగం తగ్గించొద్దులే," అందావిడ అతని భుజం మీద చెయ్యి వేసి. "ఏమీ తగ్గించొద్దు. ఆ పిల్ల పని ఆ పిల్లకి దక్కేలా చూడు, చాలు. నాకేం, నాలుగు రోజులు పోతే అలవాటైపోతుంది."

అంతలో తెర మళ్ళీ వెలిగింది. నీలం రంగు పరుచుకుంది. కోడలి ఫైళ్ళన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి.

ఆవిడ ఊపిరి పీల్చుకుని స్టూలు మీద కూలబడింది. మెకానిక్ రెండు మూడు మీటలు నొక్కి ఏదో చూసుకున్నాడు. ఇప్పుడు నవ్వు ఆపుకోలేదు. కంప్యూటర్ ఆపేసి, వైర్లు తీసి, తనే దాన్ని దుప్పట్లో జాగ్రత్తగా చుట్టాడు.

"ఏమీ పాడవలేదమ్మా. పదండి, కింద టాక్సీ దాకా నేను మోసుకొస్తాను."

"మరి అంతసేపు పట్టిందేం? నువ్వింకా చెయ్యే పెట్టలేదుగా?"

"నేను పెట్టలేదు, నేను చెప్పినట్టు మీ కోడలుగారు పెట్టారు. నిన్న సాయంత్రం పేరు చెప్పకుండా ఫోన్ చేసి, 'మా అత్తయ్య దగ్గర కూర్చోవడానికి వంక లేకుండా పోయిందండీ, ఇది కాస్త ఆలస్యంగా తెరుచుకోవాలంటే ఏం చెయ్యాలో చెప్పరా' అని అడిగారు."