నెస్టోర్ ట్రంపెట్

“ఇవాళ్టితో ఆపేద్దాం ఇరాసీ. ఇక నావల్ల కాదు,” అన్నాడు నెస్టోర్, టై ముడి వదులు చేసుకుంటూ.

అతని భార్య తలెత్తలేదు. పెదాలకి కొబ్బరినూనె రాసుకుంటోంది. “నువ్వు ఆపేస్తే నేనేమైపోవాలి?” అంది.

ఎప్పుడడిగినా ఇదే జవాబు.

ఆదివారం సాయంత్రమైతే రియోలో లాపా పేట జనమంతా అన్సెల్మో డాన్సు హాల్లోనే ఉండేవారు. నెస్టోర్ జాజ్ ట్రంపెట్ అంటే చెవి కోసుకునేవారు. రికార్డులొచ్చాయి. పత్రికల్లో బొమ్మ పడింది. సావ్ పావులో నుంచి పిలుపులొస్తే, ఒక్కణ్ణే రమ్మన్న ప్రతిచోటికీ రానన్నాడు. ఇరాసీ పక్కన లేనిదే వాయించడు. స్టేజీ మీద ఆడవాళ్లు పాడాలి, లేదా ఆడాలి, ఇంకే పనికీ ఎక్కకూడదని హాలు యజమాని అన్సెల్మో పట్టుదల. అందుకని ఆమెకి నల్లతెర వెనక కుర్చీ వేయించాడు నెస్టోర్. పెళ్ళాం చాటు మొగుడని పేటంతా నవ్వింది. నవ్వనీలే అనుకున్నాడు.

తల్లి పోయినప్పుడు మాత్రం తట్టుకోలేకపోయాడు. సమాధి దగ్గర అన్న వాల్మీర్ ట్రంపెట్ తెచ్చి చేతిలో పెట్టాడు. అమ్మకి ఇష్టమైన పాట, ఒక్క చరణం చాలు అని బతిమాలాడు. నెస్టోర్ తల దించుకుని నిలబడిపోయాడు. ఊరందరికీ వాయించేవాడికి కన్నతల్లి పరాయిదైపోయిందా అని, ఆ రోజుతో మాటలు మానేశాడు అన్న.

అప్పట్నుంచి పేరు పెరిగేకొద్దీ నెస్టోర్‌కి ఊపిరాడటం తగ్గింది. బజారులో ఎవరైనా పాట అడుగుతారేమోనని సందుల్లోంచి ఇంటికి పోయేవాడు.

“నాకు మాత్రం ఇంకో దారేముంది చెప్పు,” అంది ఇరాసీ, లేస్తూ. అతను టై బిగించుకున్నాడు.

హాలు నిండింది. నెస్టోర్ స్టేజీ ఎక్కి ట్రంపెట్ పెదాలకి ఆనించాడు. పాట ఎత్తుకుంది. జంటలు కదిలాయి.

అప్పుడు కనిపించాడు వాల్మీర్. ఆడేవాళ్లని తప్పించుకుంటూ వచ్చి స్టేజీ అంచున నిలబడ్డాడు. జుట్టంతా నెరిసిపోయింది. కళ్లల్లో నీళ్లు.

“అమ్మకి పలకని బూర వీళ్లకి పలుకుతోందిరా,” అన్నాడు.

నెస్టోర్ ఇక దాచుకోలేకపోయాడు. అన్న కళ్లల్లోకి చూస్తూ, పాట మధ్యలోనే ట్రంపెట్ కిందికి దించేశాడు.

నల్లతెర వెనక ఇరాసీ ట్రంపెట్ మాత్రం ఆగలేదు.