గీకుడక్క బానెట్

“అక్కా, అతికిన పలకని ఎందుకు పీకుతున్నావ్?”

ఫోర్‌మన్ కేకకు ఆమె తల ఎత్తలేదు. బానెట్ ఇనప చట్రానికీ, దాని మీది ఫైబర్‌గ్లాస్ పలకకూ మధ్య పలచని ఉలి దూర్చి ఒక్క నొక్కు నొక్కింది. పొద్దున అతికించిన పలక స్టిక్కరు ఊడినట్టు లేచొచ్చింది.

“చూశావా, అడుగున ఎలా మెరుస్తోందో? గరుకు పెట్టకుండా జిగురు పూసేశారు.”

“పూస్తే ఏం? రేపు షూటింగులో ఈ పాత కారుని గుట్ట మీంచి ఇసుకలోకి దూకిస్తారు. ఎల్లుండికి తుక్కు. తుక్కుకి ఇంత ముస్తాబా?”

“దూకకముందే ఊడితే? గాలికి లేచిన పలక తిన్నగా అద్దం మీదికే వస్తుంది.”

“రానీ! సీను ఇంకా రక్తి కడుతుంది.”

షెడ్డంతా నవ్వింది. అక్కడ ఆమె పేరు గీకుడక్క. గరుకు కాగితం లేని ఆమె చేతిని ఎవరూ చూడలేదు. నవ్వులు ఆగకముందే గీకడం మొదలుపెట్టింది.

“లారీ గేటు దగ్గరుంది. ఇవాళ బండి వెళ్లకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!”

“సరే తమ్ముడూ, రాను.” చెయ్యి మాత్రం ఆగలేదు.

పలక మీద నీటిచుక్క వేసింది. చుక్క గుండ్రంగా నిలబడింది. అంటే, పలక అంటుకోకుండా అచ్చులో పూసిన మైనం ఇంకా వదల్లేదు. మళ్లీ గీకింది. భుజం లాగేస్తోంది. మళ్లీ చుక్క. ఈసారి నీరు పరుచుకుంది. తుడిచి, ఆరనిచ్చి, రెండు డబ్బాల జిగురూ కలిపి, అంచు వెంట ఖాళీ లేకుండా పూసింది. పలకను దించి చుట్టూ క్లాంపులు బిగించింది. బయట లారీ హారన్ మోగింది. ఫోర్‌మన్ క్లాంపు మీద చెయ్యి వేయబోతే ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

“గట్టిపడకముందే ముట్టుకున్నావో!”

“నీ మొండితనం తగలెయ్య! లారీవాడికి టీ నువ్వే పోయించు.”

పోయించింది. సాయంత్రానికి క్లాంపులు విప్పి పక్కకి జరిగింది.

“ఇప్పుడు పీకు.”

అతను అంచు పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. కారు ముందు భాగం మొత్తం ఊగింది గానీ పలక కదల్లేదు.

“ఒప్పుకున్నానక్కా. కానీ తుక్కయ్యే బండి మీద ఎందుకింత పంతం?”

ఆమె అరచేత్తో పలక అంచు ఒకసారి నిమిరి, కారు వెనకే లారీ దాకా నడిచింది.

రేపు అందులో కూర్చుని దూకించేది ఆమె కూతురు.